ఎందుకు చేస్తున్నామో పూజలోనే ఉంది

పూజకు కూర్చుని గంట కొడతాం కదా, అది ఎందుకు కొడుతున్నామో ఆ క్షణంలోనే నోటితో చెప్తాం కూడా. "ఆగమార్థం తు దేవానాం, గమనార్థం తు రక్షసాం" అని. దేవతలు రావాలి, రాక్షసులు పోవాలి, అందుకని. ఇంత స్పష్టంగా చెప్పి ఉన్నాక ఇంకో కారణం వెతకాల్సిన పనేముంది? కానీ ఈమధ్య వాట్సాప్‌లో వచ్చేవి చూస్తే గంట శబ్దానికి మెదడు చురుగ్గా అవుతుందనీ, కర్పూరం పొగకి క్రిములు చస్తాయనీ ప్రతిదానికీ ఒక సైన్సు కారణం తగిలిస్తున్నారు. పంపేవాళ్ళది మంచి ఉద్దేశమే, పిల్లలకి గురి కుదరాలని వాళ్ళ తాపత్రయం. నాకు మాత్రం బాధేస్తుంది. హారతి క్రిముల కోసమే అయితే, అంతకన్నా మంచి మందు దొరికిన రోజున హారతి మానేయొచ్చనేగా అర్థం. పెద్దవాళ్ళు ఏ పని ఎందుకు చేస్తున్నారో ఆ పని చేస్తూ చేస్తూనే చెప్పారు. మనం ఆ మాటల మీద చెవి పెట్టడం లేదు.

నాకు అన్నిట్లోకీ ఇష్టమైనది సంకల్పం. పంతులుగారు గబగబా చదువుతుంటే మన గోత్రం, పేర్లు వచ్చేదాకా ఎటో చూస్తూ కూర్చుంటాం గానీ, నిజానికి అందులో మన అడ్రస్ మొత్తం ఉంటుంది. ముందు కాలం చెప్తారు. "ద్వితీయ పరార్ధే", బ్రహ్మగారి ఆయుష్షులో సగం అయిపోయి రెండో సగం నడుస్తోంది. "శ్వేతవరాహ కల్పే", కల్పమంటే ఆయనకి ఒక్క పగలు, మన లెక్కలో 432 కోట్ల సంవత్సరాలు. ఆ పగటిలో 14 మంది మనువులు వస్తారు, ఇప్పుడు నడుస్తున్నది ఏడో ఆయన వైవస్వతుడి కాలం. అందులో కలియుగం, అందులోనూ మొదటి పాదం. అక్కణ్ణించి 60 సంవత్సరాల పేర్లలో ఈ ఏటి పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి అంటూ దిగి వచ్చి, ఇవాళ గురువారమైతే గురువారం దగ్గర ఆగుతారు. తర్వాత చోటు. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, మేరువుకి దక్షిణాన, శ్రీశైలానికి ఫలానా దిక్కున. మా కోనసీమవాళ్ళం ఈశాన్యం అని చెప్పుకుంటాం. ఆ పైన ఏయే నదుల మధ్య ఉన్నామో చెప్పాలి కదా, మా పంతులుగారు "గౌతమీ వసిష్ఠయోః మధ్య దేశే" అంటారు. ఆ మాట వినబడగానే నాకు ఒళ్ళు పులకరిస్తుంది, ఎందుకంటే అది ఏ పుస్తకంలోదో కాదు, మేము బస్సెక్కి వంతెన దాటే రెండు గోదారి పాయలు. అమెరికాలో ఉన్న మా మరిది వాళ్ళింట్లో పూజ జరిగితే "క్రౌంచద్వీపే, రమణక వర్షే" అని మారుస్తారు. అంటే ఎక్కడున్నావో అక్కడి నుంచే చెప్పు, లేని చోటు చెప్పకు అనేగా.

చివరికి ఏం కోరుకుంటామో కూడా చూడండి. "సహకుటుంబానాం", ఇంటిల్లిపాదికీ అన్నమాట, నా ఒక్కదానికే కాదు. "క్షేమ స్థైర్య ధైర్య విజయ అభయ ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధ్యర్థం". డబ్బు ఎప్పుడో చివర్న వచ్చింది, ధైర్యం, అభయం దానికంటే ముందే వచ్చాయి. 1986 వరదలూ, 1996 నవంబర్ తుఫానూ చూసిన ఊళ్ళలో ఈ రెండు మాటలూ పైపైన పలికేవి కావు. ఈ సంకల్పం మనమే చదువుకోవాలని నా పట్టుదల. పంతులుగారు రాని మామూలు రోజున కూడా పంచాంగమో క్యాలెండరో చూసి తిథి, వారం, ఊరు తెలుగులో చెప్పుకున్నా సరే.

ఇక కలశం. చెంబులో నీళ్ళు పోసి, చేయి మూసి, "గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి, నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు" అంటాం. ఏడు నదుల్నీ ఆ కాసిని నీళ్ళలోకి రమ్మని పిలవడం. దేశంలో ఎక్కడ ఎవరు ఈ శ్లోకం చదివినా గోదారిని పిలుస్తారు. మనకి పిలవకముందే వచ్చి కూర్చుంది. కాలువలోంచి ఊరి మంచినీళ్ళ చెరువులోకి, అక్కణ్ణించి ట్యాంకులోకి, ట్యాంకు నుంచి కుళాయికి వచ్చిన నీళ్ళే ఆ చెంబులో ఉన్నవి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే కదా ఏటి నీళ్ళు ఇలా ఊరూరికీ వచ్చాయి. అందుకే ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరని భగీరథుడంటూ స్మరించే సంస్కృత శ్లోకం ఒకటి ఇక్కడ పుట్టింది, స్నానవేళ తలుచుకునేవాళ్ళున్నారు. నీళ్ళిచ్చిన మనిషి ఏ దేశంవాడైనా, ఏ మతంవాడైనా తలుచుకోవాలన్న ఆ బుద్ధి నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఆ తర్వాత జరిగేదంతా ఇంటికి వచ్చినవాళ్ళకి చేసే మర్యాదే. రమ్మనడం ఆవాహనం, కూర్చోమనడం ఆసనం, కాళ్ళకి నీళ్ళు పాద్యం, చేతులకి అర్ఘ్యం, తాగడానికి ఆచమనీయం, ఆపైన స్నానం, బట్టలు, గంధం, పువ్వులు, భోజనం, తాంబూలం. షోడశోపచారాలంటే ఈ వరసే. గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళకి దీన్ని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

నైవేద్యం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మా అత్తగారు మహానైవేద్యానికి వండేటప్పుడు ఏదీ రుచి చూడరు, పప్పులో ఉప్పు కూడా చేత్తో తూచినట్టు వేసేస్తారు. గిన్నెలు దేవుడి ముందు పెట్టి, అన్నం మీద నెయ్యి వేసి, తులసిదళం ఉంచి, చుట్టూ నీళ్ళు తిప్పుతూ "సత్యం త్వర్తేన పరిషించామి" అంటారు. రాత్రి అయితే "ఋతం త్వా సత్యేన" అని తిరగేస్తారు. తర్వాత "ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా, వ్యానాయ స్వాహా, ఉదానాయ స్వాహా, సమానాయ స్వాహా" అంటూ చేయి చూపిస్తారు. మా మామగారు విస్తరి ముందు కూర్చుని ఔపోసన పట్టేటప్పుడు చెప్పేవీ అచ్చంగా ఇవే మాటలు! ఒంట్లో ఉండే ఐదు ప్రాణాలకీ ఒక్కో ముద్ద. ఆకలిగొన్న మనిషికీ దేవుడికీ ఒకే మంత్రంతో అన్నం పెడుతున్నాం, దీనికంటే పెద్ద వేదాంతం ఏముంటుందో నాకు తెలీదు. మధ్యలో "మధ్యే మధ్యే పానీయం సమర్పయామి" అని ఒకటుంది చూశారూ, తింటుంటే గొంతు పట్టుకుంటుందేమో, నీళ్ళు అందించాలి అని. ఆ శ్రద్ధకే నాకు కళ్ళు చెమరుస్తాయి. అది చెప్పి అత్తగారు తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తారు. తింటున్నవాళ్ళ ముందు నిలబడి చూడకూడదు కదా.

మంత్రాలు రానివాళ్ళ సంగతేంటి అంటారేమో. దానికి మన ఆడవాళ్ళు చెప్పుకునే పోలి కథ ఉండనే ఉంది. కార్తీకమాసమంతా అత్తగారు మిగతా కోడళ్ళని వెంటేసుకుని నదికి వెళ్ళి దీపాలు పెడుతూ, చిన్న కోడలు పోలిని మాత్రం ఇంట్లో వదిలేస్తుంది, దీపం పెట్టుకోవడానికి సామగ్రి కూడా లేకుండా చేస్తుంది. పోలి పెరట్లో పత్తిచెట్టు కింద రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటుకున్న వెన్న తీసి, దీపం వెలిగించి ఎవరూ చూడకుండా బుట్ట బోర్లిస్తుంది. స్వర్గం నుంచి విమానం వచ్చింది ఆవిడ కోసమే. ఆ కథ చెప్పుకునే మార్గశిర శుద్ధ పాడ్యమి నాడు, ఇంకా చీకటుండగానే మా కాలువ రేవు నిండిపోతుంది. అరటి దొప్పల్లో ఆవునేతి వత్తులు వెలిగించి నీళ్ళలో వదిలి, అరచేత్తో మూడుసార్లు నీటిని ముందుకి తోస్తారు. మంత్రాలు తెలిసినవాళ్ళని లేదు, తెలియనివాళ్ళని లేదు, అందరూ చేస్తారు.

దీపానికే ఇంకో శ్లోకం ఉంది, కార్తీకంలో చెప్పేది. "కీటాః పతంగాః మశకాశ్చ వృక్షాః, జలే స్థలే యే నివసంతి జీవాః". పురుగులు, మిడతలు, దోమలు, చెట్లు, నీళ్ళలో నేలమీద బతికే ప్రాణులన్నీ ఈ దీపాన్ని చూసి మళ్ళీ పుట్టే బాధ లేకుండా తరించాలి అని. ఊరు దూరం పెట్టిన మనిషీ, వేదం చదివిన విప్రుడూ ఇద్దరూ అదే వరసలో వస్తారు. ఆ రోజుల్లో మా సార్వా (వానాకాలపు వరి) చేలు పండి ఉంటాయి, దీపం పెట్టిన నిమిషానికల్లా పచ్చ దీపపు పురుగులు ముసిరేస్తాయి, ప్రమిద అంచు మీద బియ్యపు గింజ కన్నా చిన్నవి వరసగా వాలతాయి. చేనుకి చీడ అవి, రైతుకి శత్రువులు. వాటి పేరు కూడా పెట్టి మంచి కోరుకునే దీపం ఇది. కర్పూరానికి క్రిములు చస్తాయని చెప్పేవాళ్ళకి నేను ఈ శ్లోకమే పంపిస్తుంటాను.

ఉద్యోగాలు, పిల్లల స్కూలు బస్సు టెన్షన్ మధ్య పదహారు ఉపచారాలు ఎక్కడ కుదురుతాయి అంటే, శాస్త్రంలోనే పంచోపచారాలున్నాయి. గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం. బెల్లం ముక్కైనా నైవేద్యమే. ఆ ఐదింటికీ అర్థం తెలిసి చేస్తే పది నిమిషాలు చాలు, పక్కన పిల్లలుంటే వాళ్ళకి ఒక్కో మాట చెప్పొచ్చు కూడా.

ఒక్కటి అడగాలని ఉంది. గోదారి లంకల్లో ఉండేవాళ్ళు, వైనతేయ పాయ ఒడ్డున ఉండేవాళ్ళు సంకల్పంలో ఏ పాయల పేర్లు చెప్తారు? అటు పశ్చిమ డెల్టాలో, నరసాపురం, భీమవరం వైపు "కృష్ణా గోదావర్యోః మధ్య దేశే" అంటారా, ఇంకోలా అంటారా? మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి.