చెవిలో మోత, చేతిలో బటన్

నిన్న ఎమ్మారై రిపోర్ట్ వచ్చింది. వినికిడి నరం మీద గడ్డ ఏమీ లేదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

మలక్‌పేటలో మాది పిండి గిర్నీ. పంతొమ్మిదేళ్లుగా మోటారుకి ఎడమ చెవి పెట్టి నిలబడుతున్నా. సంక్రాంతి తర్వాత ఒక రాత్రి పడుకోగానే ఆ చెవిలో కీచుమని సన్నటి మోత మొదలైంది. తెల్లారినా పోలేదు, నెలైనా పోలేదు.

డాక్టర్ లైటు వేసి చూసి గులిమి లేదన్నారు. బీపీ, రక్తం, థైరాయిడ్ ఒక్క పూటలో అయిపోయాయి. తర్వాత వినికిడి పరీక్షకి ఒక ప్రైవేట్ సెంటర్‌కి వెళ్లాను.

చిన్న గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, కూత వినపడగానే బటన్ నొక్కమన్నారు. నా చెవిలో అప్పటికే అలాంటి కూతే ఉంది. ఆ నిశ్శబ్దంలో అది ఇంకా పెద్దదైంది. ఏది మెషీన్‌దో, ఏది నాదో తెలిస్తే కదా! "నేను సౌండే పెట్టలేదు, ఎందుకు నొక్కారు?" అంది పరీక్ష చేసే అమ్మాయి. భయపడి ఆగితే "ఇప్పుడు పెట్టాను, నొక్కరేం?" అంది. మూడుసార్లు మొదటికొచ్చాం. ఆఖరికి తలుపు తెరిచి, బయట మా మరిదీ ఇంకో పదిమందీ వింటుండగా, "సదరం సర్టిఫికెట్ కోసమా అమ్మా? అలాంటోళ్లే ఇట్ల చేస్తారు" అంది. అంటే వైకల్యం సర్టిఫికెట్ కోసం చెవుడు నటిస్తున్నానని. కాగితం మీద జవాబులు నమ్మేలా లేవని రాసిచ్చింది. ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. కష్టపడి బతికేవాళ్లని దొంగల్లా చూసే హక్కు ఎవరికీ లేదు.

వారం తర్వాత కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లాను. లైన్ పెద్దదే, పొద్దున్నే వెళ్లండి. అక్కడ పరీక్ష చేసే పెద్దాయన ముందే "మోత ఉందా?" అని అడిగి, కూతని సాగదీయకుండా ఆపి ఆపి ఇచ్చారు. ఆగి ఆగి వచ్చేది మెషీన్‌ది, ఆగనిది నాది. ఒక్క తప్పు కూడా లేకుండా నొక్కాను! మోత ఉన్నవాళ్లు పరీక్షకి ముందే ఆ మాట చెప్పి, ఇలాగే ఇమ్మని అడగండి.

గ్రాఫ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి కీచు కూతల దగ్గర, ఎడమ చెవికి 50 డెసిబెల్స్ చప్పుడు పెడితేనే, కుడి చెవికి 35 పెడితేనే వినపడుతోంది. 25 లోపే వినపడితే మంచిది. పెద్ద చప్పుళ్ల మధ్య పనిచేసేవాళ్లకి ముందు దెబ్బతినేది ఆ చుట్టుపక్కలేనట. రెండు చెవులకీ తేడా ఉంది కాబట్టి, వినికిడి నరం మీద గడ్డేమైనా ఉందేమో చూడటానికి ఎమ్మారై రాశారు.

మోతని తుడిచేసే మందు లేదని డాక్టర్ చెప్పేశారు. ఎవరైనా చుక్కలు అమ్మితే కొనకండి. వేడి నూనె అసలే పోయకండి. రాత్రి ఫోన్‌లో వాన చప్పుడు మోత కంటే కాస్త తక్కువగా పెట్టుకుని పడుకుంటున్నా. మోత ఉంది, కానీ నిద్ర పడుతోంది.

గిర్నీలో ఇన్నాళ్లూ దూది పెట్టుకునేదాన్ని. అది చప్పుడుని ఆపదట. ఈరోజు చెవులు పూర్తిగా మూసే మఫ్‌లు రెండు తెచ్చాను, ఒకటి నాకు, ఒకటి మా దగ్గర పనిచేసే పిల్లవాడికి.