సినిమా చూసి ఇంటికి నడిచే దారిలో (లూకా 24:13–35 ధ్యానం)

మా ప్రాంతంలో చాలా చర్చిల్లో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. పెళ్లి రోజు పుల్పిట్ ముందు పక్కపక్కన నిలబడిన జంట మరుసటి ఆదివారం నుంచి చెరో పక్కకి వెళ్లిపోతారు. దాన్ని నేను తప్పు పట్టను. మా అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న మర్యాద అది, అందులో ఒక అందం కూడా ఉంది. కానీ ఒకే ప్రసంగం చెరో చోట విని, ఆరాధన అయ్యాక గేటు దగ్గర కలుసుకుని, కూరలేం కొనాలో మాట్లాడుకుంటూ ఇంటికి వచ్చేస్తాం. మావారికి ఏ మాట తగిలిందో నాకు తెలియదు, నాకు ఏది తగిలిందో ఆయనకి తెలియదు. ఏళ్లు అలాగే గడిచిపోతాయి.

అందుకే ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమకాలంలో, ఒడిశాలోని మా రాయగడలో కొన్ని సంఘాలు కలిసి చర్చి ఆవరణలో క్రైస్తవ చిత్రోత్సవం పెట్టినప్పుడు నాకు ముందుగా నచ్చింది సినిమాలు కాదు, కుర్చీలు. వరసలకి ఆడ, మగ అని గీత గీయలేదు. యూత్ పిల్లలు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఎవరు ఎక్కడైనా కూర్చోండి అన్నారు. మావారు, నేను పక్కపక్కన కూర్చున్నాం. దేవుని మాటని ఒకరి మోచేయి ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చుని వినడం మాకు కొత్త. ఈ ధ్యానం అక్కడ మొదలైంది.

మా ఊరి గురించి కొంచెం చెప్పాలి. నాగావళి ఒడ్డున ఉన్న రాయగడలో బజారుకి వెళ్తే తెలుగు, ఒడియా, కోంధుల భాష కువి మూడూ వినిపిస్తాయి. 1936లో ఒడిశా ఏర్పడక ముందు ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అంతకు చాలా ముందే, 1882లో, జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్ మిషనరీలు ఈ జయపురం సీమకి వచ్చారు. ఆ విత్తనాల నుంచే జయపురం ఇవాంజలికల్ లూథరన్ చర్చి ఎదిగింది. నేను పార్వతీపురం అమ్మాయిని, తెలుగు మీడియం. మావారిది తెలుగు ఇల్లే, కానీ చదువంతా ఒడియాలో. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే మాత్రం కూడబలుక్కోవాలి. కాబట్టి మా ఇంట్లో రెండు బైబిళ్లు. ఆయనది ఒడియా, నాది తెలుగు. కుటుంబ ప్రార్థనలో ఒకరు చదివితే మరొకరు వింటారు. సరిహద్దులో కాపురం చేసే ఎన్నో ఇళ్లలో ఇదే పద్ధతి.

చిత్రోత్సవం అనగానే మా సంఘంలో కొందరు పెద్దలు ముఖం చిట్లించారు. సినిమాకి వెళ్లడం పాపమని నేర్చుకుని పెరిగిన తరం వాళ్లది. వాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. నటుడి ముఖాన్ని ప్రభువు ముఖం అనుకునే ప్రమాదం నిజంగా ఉంది. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే తెర మీద చూసిన ముఖమే కనిపిస్తోందని మా స్త్రీల సమాజంలో ఒకావిడ బాధపడింది కూడా. అయినా పౌలు గలతీయులకి రాసిన మాట నన్ను ఆపుతుంది: "సిలువవేయబడినవాడైనట్టుగా యేసుక్రీస్తు మీ కన్నులయెదుట ప్రదర్శింపబడెనుగదా!" పౌలు దగ్గర తెర లేదు, ప్రొజెక్టరూ లేదు. నోటిమాటతోనే సిలువని వాళ్ల కళ్ల ముందు నిలబెట్టాడు. చూపించడం తప్పు కాదని నాకు ఆ వచనంలో ధైర్యం దొరుకుతుంది. హెచ్చరిక కూడా అందులోనే ఉంది. అంత స్పష్టంగా చూసిన ఆ గలతీయులే కొద్ది కాలానికి దారి తప్పారు. ఎంత బాగా చూపించినా, చూసినవాళ్లు దాన్ని పట్టుకుని ఉంటారని హామీ లేదు.

మా అత్తగారికి ఇలాంటి సందేహాలేవీ లేవు. 1978లో విజయచందర్ నటించిన కరుణామయుడు వచ్చాక ఆ సినిమాని మిషన్ వాళ్లు ఊరూరా తిప్పారు. రెండు గుంజలు పాతి, మధ్యలో తెల్లదుప్పటి కట్టి, జనరేటర్ పెట్టి వేసేవాళ్లు. ముందు చోటు చాలక సగం ఊరు దుప్పటి వెనకాల కూర్చునేదట. అత్తగారు చూసింది ఆ వెనక వైపు నుంచే. అక్కడి నుంచి బొమ్మ తిరగబడి, ప్రభువు ఎడమ చేత్తో స్వస్థపరుస్తున్నట్టు కనబడేది. "ఏ చెయ్యైతే ఏమమ్మా, ముట్టుకున్నాడు కదా" అంటుంది ఆవిడ ఇప్పటికీ. ఆ మాట నాకు ఏ వ్యాఖ్యానంలోనూ దొరకలేదు.

దంపతులు కలిసి క్రీస్తు సినిమా చూడటం అనేసరికి నాకు ఇంకో జంట గుర్తొస్తుంది. వాళ్లు క్రైస్తవులు కారు. క్రీస్తు జీవితం మీద వచ్చిన ఒక మూగచిత్రాన్ని 1911 ప్రాంతంలో దాదాసాహెబ్ ఫాల్కే బొంబాయిలో చూశారు. భార్య సరస్వతీబాయిని కూడా తీసుకెళ్లి చూపించారు. తెర మీద క్రీస్తు జీవితం కదులుతుంటే తన మనసులో కృష్ణుడు, రాముడు, గోకులం, అయోధ్య కదిలాయని తర్వాత ఆయనే రాసుకున్నారు. 1913 మే 3న ఆయన తీసిన రాజా హరిశ్చంద్ర విడుదలైంది. ఆ సినిమా కోసం సరస్వతీబాయి ఫిలింకి రంధ్రాలు కొట్టే పని నేర్చుకున్నారు, పనివాళ్లందరికీ వంట చేసి పెట్టారు. ఆయన చూసినది నేను చూసేది కాదు. ఆయన భక్తి ఆయనది. కానీ ఆ ఇద్దరూ కలిసి చూశారు. చూసినది ఇంట్లో మాటగా మారింది, ఆ మాట పనిగా మారింది. నేను చెప్పదలచుకున్నదానికి అది చాలా దగ్గరగా ఉంది.

ఇప్పుడు ఎమ్మాయు దారికి వస్తాను.

యేసు సమాధి నుంచి లేచిన పునరుత్థాన దినాన ఇద్దరు శిష్యులు యెరూషలేము వదిలి ఎమ్మాయు అనే పల్లెకి నడిచి వెళ్తున్నారు. ఒకరి పేరు క్లెయొపా. రెండోవారి పేరు లూకా చెప్పలేదు. యోహాను సువార్తలో సిలువ దగ్గర నిలబడిన స్త్రీలలో "క్లోపా భార్యయైన మరియ" ఉంది కాబట్టి, ఆ రెండోవారు ఆయన భార్యే అయి ఉండొచ్చని కొందరు బోధకులు అంటారు. గ్రంథం అలా చెప్పలేదు, నేనూ ఖాయంగా చెప్పను. కానీ కథ చదువుతుంటే నాకు భార్యాభర్తలే కనిపిస్తారు. ఇద్దరిదీ ఒకే ఇల్లు. సాయంత్రమైతే అతిథిని లోపలికి పిలిచి ముందు రొట్టె పెట్టే ఇల్లు.

ఆ ఇద్దరికీ జరిగినదంతా తెలుసు. సిలువ తెలుసు, సమాధి ఖాళీగా ఉందని తెలుసు, స్త్రీలు దేవదూతల్ని చూశారన్న వార్త కూడా తెలుసు. అయినా దుఃఖముఖులై ఉన్నారు. కథ పూర్తిగా తెలిసీ బరువుగా నడిచే మనలాంటి వాళ్లే వాళ్లు. మనం చిన్నప్పటి నుంచి ఆదివారపు బడిలో విన్న కథనే తెర మీద చూస్తాం. మేకులు కొట్టే దృశ్యం రాగానే కళ్లు చెమరుస్తాయి, సంగీతం ఆగగానే ఆరిపోతాయి. సిలువకి నడిచే దారిలో ప్రభువు స్త్రీల వైపు తిరిగి "నా నిమిత్తము ఏడ్వకుడి" అన్నాడు. ఆ ఏడుపుని ఆయన చిన్నచూపు చూశాడని నేను అనుకోను. అది ఆయన దగ్గరే ఆగిపోకుండా వాళ్ల సొంత బతుకుల దాకా వెళ్లాలనుకున్నాడు.

ఎమ్మాయు దారిలో నన్ను ఎప్పుడూ నిలబెట్టేసేది ఒకటి ఉంది. వాళ్లు మాట్లాడుకుంటూ ఉండగా యేసు దగ్గరకు వచ్చి వాళ్లతో నడిచాడు. వాళ్లు అప్పుడు ప్రార్థన చేయడం లేదు, పాట పాడటం లేదు. జరిగినదాని గురించి, అర్థం కానిదాని గురించి, ఆశ పోయినదాని గురించి ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. ఆ మాటల మధ్యకి వచ్చాడు ఆయన. రాగానే బోధ కూడా మొదలుపెట్టలేదు, మీరేం మాట్లాడుకుంటున్నారని అడిగాడు. అన్నీ తెలిసినవాడు వాళ్ల నోట వినడానికి ఆగాడు. "మేము నిరీక్షించియుంటిమి" అని వాళ్లు తమ నిరాశని బయటపెట్టేదాకా విన్నాడు.

ఏళ్ల తరబడి ఆయన్ని చూసినవాళ్లు కూడా ఉన్న గుంపులోని మనుషులు వీళ్లు. ఇప్పుడు పక్కనే నడుస్తున్నా గుర్తుపట్టలేదు. కళ్లకి కనిపించడం సరిపోలేదు. చివరికి రొట్టె విరిచినప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. తెరుచుకోగానే "ఆయన వారికి అదృశ్యుడాయెను." అప్పుడు కూడా వాళ్లు ఆయన రూపం గురించి మాట్లాడుకోలేదు. "మన హృదయము మనలో మండుచుండలేదా" అని దారిలో జరిగినదాన్నే తలుచుకున్నారు. దారిలో ఒకరి గుండెలో జరిగింది ఇంకొకరి గుండెలోనూ జరిగిందని వాళ్లకి అప్పుడు తెలిసింది. నా దృష్టిలో ఒక కాపురంలో ఇంతకన్నా గొప్ప క్షణం ఉండదు.

అందుకే చెబుతున్నాను, దంపతులుగా ఇలాంటి చిత్రోత్సవానికి వెళ్తే, అసలైన సమయం తెర ఆరిపోయాక మొదలవుతుంది. వీలైతే నడిచి రండి. బండి మీద అయితే హెల్మెట్‌లో మాటలు వినపడవు, ఎక్కడైనా టీ కొట్టు దగ్గర ఆపండి. ఫోన్ తీయకండి, ఆ కాసేపు గ్రూపుల్లో ఫొటోలు పెట్టకపోయినా ఏమీ కాదు. సినిమా బాగుందా లేదా అన్నది రెండు నిమిషాల మాట. నీకు ఎక్కడ తగిలింది అన్నది అడగండి. అడిగాక ఆగండి. జవాబు వెంటనే రాదు, ముఖ్యంగా మగవాళ్ల దగ్గర నుంచి. ఆ మౌనాన్ని మనం ప్రసంగంతో నింపేయకూడదు.

1979లో వచ్చిన యేసు చిత్రం ఆ ఉత్సవంలో వేశారు. లూకా సువార్త ఆధారంగా తీసిన ఆ సినిమా ఇప్పటికి 2,000 పైచిలుకు భాషల్లోకి వెళ్లింది. అది చూసి వస్తూ మావారు, యేసుకి సిలువ శిక్ష వేసిన రోమా అధిపతి పిలాతు గురించి మాట్లాడారు. తప్పు లేదని తెలిసీ సంతకం పెట్టాల్సి వచ్చే ఉద్యోగి అవస్థ ఆఫీసులో పనిచేసే ఆయనకి బాగా తెలుసు. నేనేమో పిలాతు భార్యని తలుచుకున్నాను. ఆమె లూకాలో లేదు, మత్తయిలో ఒక్క వచనంలో వస్తుంది. "నీవు ఆ నీతిమంతుని జోలికి పోవద్దు" అని న్యాయపీఠం మీద ఉన్న భర్తకి కబురు పంపింది. రాత్రి కలలో తాను పడ్డ బాధని దాచుకోకుండా చెప్పింది. అతను విన్నాడో లేదో గానీ ఆగలేదు, చేతులు కడుక్కున్నాడు. ఆ రాత్రి వాళ్ల ఇంట్లో ఏం మాట్లాడుకుని ఉంటారో అని నేనంటే, మావారు చాలాసేపు పలకలేదు. తర్వాత, "ఇంటి నుంచి వచ్చిన మాట కూడా దేవుడి మాటే అయి ఉండొచ్చు కదా" అన్నారు. నేను ఆ సినిమా ఒక్కదాన్నే చూసి ఉంటే ఆ మాట నాకు దొరికేది కాదు.

చివరి రోజు ఒడియా కుర్రాళ్లు తీసిన ఒక చిన్న చిత్రం వేశారు. ఇల్లు వదిలి వెళ్లి తిరిగొచ్చిన చిన్న కొడుకుకి తండ్రి విందు చేసే, యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథే, కానీ కెమెరా మొత్తం పెద్ద కొడుకు దగ్గరే ఉంది. లోపల విందు, బయట అరుగు మీద అతను. "అతడు కోపపడి లోపలికి వెళ్లనొల్లకపోయెను." ఫొటోగ్రఫీ మామూలుగానే ఉంది, శబ్దం అక్కడక్కడా చెడింది. కానీ తండ్రి బయటికి వచ్చి ఆ అరుగు మీద కొడుకు పక్కన కూర్చుంటే, మావారు నా చెయ్యి పట్టుకున్నారు. జనంలో ఆయన అలా ఎప్పుడూ చేయరు.

గుణుపూర్‌లో ఉన్న మా బావగారితో ఇల్లు పంపకాల దగ్గర మాట తేడా వచ్చి, అన్నదమ్ములు పలకరించుకోవడం మానేశారు. పండక్కి పిల్లలు వెళ్లి వస్తారు, వీళ్లు మాత్రం వెళ్లరు. ఆ రాత్రి స్టేషన్ రోడ్డు మీద నడుస్తూ మావారు, "ఇన్నాళ్లూ నేను చిన్నవాడిని కదా, తిరిగొచ్చేవాడిని నేనే అనుకున్నాను. కాదు, బయట కూర్చున్నవాడిని నేనే" అన్నారు. నేను ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ఎమ్మాయులో ఆ ఇద్దరూ "ఆ గడియలోనే" లేచి చీకట్లో యెరూషలేముకి తిరిగి వెళ్లారని లూకా రాశాడు. మేము ఆ గడియలో వెళ్లలేదు, రాత్రి బస్సు లేదు. ఆ వారంలోనే సెలవు చూసుకుని గుణుపూర్ వెళ్లాం. బావగారు గుమ్మంలోనే నిలబడి, "ఏరా, భోజనం చేసి వచ్చారా?" అన్నారు. లేదన్నారు ఈయన. అక్క లోపలికి పిలిచి కంచాలు పెట్టింది. పంపకాల సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు, అది ఇంకా తేలాల్సే ఉంది. ఈస్టర్‌కి వాళ్లు మా ఇంటికి వస్తామన్నారు.