వరండా లైటు

“25,000 గంటలంటే ఎన్ని నెలల్రా?”

అమ్మ బల్బు డబ్బా కళ్ల దగ్గర పెట్టుకుని అడిగింది. కురుపాం మార్కెట్లో పొద్దున కొన్న ఎల్‌ఈడీ బల్బు. పాతది ఉప్పుగాలికి హోల్డర్‌లోనే తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

నెలకు 720 గంటలని మొదలెట్టా. అది 30 రోజుల నెలకే. 31 అయితే 744, ఫిబ్రవరి మామూలుగా 672. చివరికి ఏడాదికి 8,760 గంటలు, దాన్ని 12తో భాగిస్తే 730. ఆ లెక్కన 34 నెలలు.

“మూడేళ్లు కూడా రాదా?” అంది, ముఖం చిన్నబోయింది.

అది రాత్రీపగలూ ఆర్పకుండా వెలిగితే. “నువ్వు రోజూ ఎంతసేపు వేస్తావమ్మా?”

“సందెవేళ వేస్తాను, నువ్వొచ్చాక తీసేస్తాను.”

గాజువాకలో డ్యూటీ దిగి నేను ఇల్లు చేరేసరికి పదకొండు. అంటే అయిదు గంటలు. అయిదు వేల రోజులు. 164 నెలలు. పదమూడేళ్లు దాటి.

అయిదు గంటలని నోటితో అన్నాక నా చెయ్యి ఆగిపోయింది. మా అమ్మమ్మకు గంటలు తెలీవు, జాములే. జాముకి మూడు గంటలు. ఆ లెక్కన దాదాపు రెండు జాములు, రోజూ, అమ్మ ఆ గుమ్మం వైపు ఒక చెవి పెట్టుకునే ఉంటోంది. నాకేమో సందు మలుపు తిరగ్గానే కనిపించే పసుపు వెలుగు మాత్రమే తెలుసు.

“పదమూడేళ్లంటే నాకు 81 వస్తాయి” అంది అమ్మ, వేళ్ల మీద లెక్కేసుకుని. డబ్బా మీద పెన్నుతో ఇవాళ్టి తేదీ రాసి అటక మీద పెట్టించింది.

రేపట్నుంచి తొమ్మిదిన్నర బస్సు పట్టుకోవాలి.