చేపల్లేని చేపల తొట్టి
నలభై రోజులుగా ఇంట్లో తొట్టి నిండా ఉప్పునీళ్లు, రాళ్లు. చేపలు మాత్రం లేవు. చూసినవాళ్లంతా 'ఇంకెప్పుడు వేస్తావ్?' అంటున్నారు. లైవ్ రాక్ (సముద్రంలోంచి ప్రాణులతో సహా తీసిన రాయి) పేరుకు రాయే గానీ, దాని సందుల్లో కాపురముండే బ్యాక్టీరియాయే అసలు ఫిల్టర్, అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చేది అదే, చేపలకి విషమైన ఆ మొదటి రెండూ సున్నాకి రాకముందే చేపని వేస్తే చేతులారా చంపినట్టే. రాయి మీద చచ్చినవన్నీ కుళ్లినప్పుడు వచ్చిన కంపు గురించి అడక్కండి.

అసలు తలనొప్పి ఉప్పుతో. 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు, దగ్గర నిలబెట్టాలి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు, కాబట్టి తగ్గినంత మంచినీళ్లే పొయ్యాలి. నేను తెలివిగా వారం పాటు ఉప్పునీళ్లే పోసి 38కి తీసుకెళ్లా.

నిన్న రాత్రి లైట్లు ఆపేసి టార్చ్ వేస్తే, రాతి పగుల్లోంచి వేలెడంత పురుగు, ఒళ్లు పక్కలంతా తెల్లటి నూగు, మెల్లగా బయటికొచ్చి వెలుతురు తగలగానే సర్రున లోపలికి. బ్రిసిల్ వార్మ్. నేను కొనలేదు, రాయితో పాటే వచ్చేసింది. అరగంట అక్కడే కూర్చున్నా, మళ్లీ రాలేదు.