మూడు జ్వరాల తర్వాత చేయించిన టెస్టు

ఐదు నెలల్లో మూడుసార్లు మంచం పట్టాను. మొదటిసారి జ్వరం మూడు రోజుల్లో తగ్గింది కానీ దగ్గు నెలరోజులు వదల్లేదు, అది పూర్తిగా పోకముందే రెండోది, ఆ వెనకే మూడోది. ఇంట్లో ఎవరైనా తుమ్మితే చాలు, నాకు టెన్షన్. మూడోసారి జ్వరం తగ్గాక కూడా తొడల్లో బలం రాలేదు. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కేదాన్ని.

డాక్టర్ గారు ఊపిరితిత్తులు చూశాక, మోకాలి కింద ముందువైపు ఎముకని బొటనవేలితో నొక్కారు. ప్రాణం పోయినంత పనైంది. "ఎండలో ఎంతసేపు ఉంటారమ్మా?" అని అడిగారు. ఇంట్లోంచే పని, అయినా రోజంతా కిటికీ పక్కనే కూర్చుంటాను కదండీ అన్నాను. చర్మం విటమిన్ డి తయారుచేసుకోవడానికి కావాల్సిన, ఎండలో ఉండే యూవీబీ కిరణాలని కిటికీ అద్దం ఆపేస్తుందట!

రక్తంలో విటమిన్ డి ఎంతుందో చూసే 25-హైడ్రాక్సీ విటమిన్ డి టెస్టులో 9 వచ్చింది. మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల కంటే తక్కువుంటేనే లోపం అంటారు.

అప్పటిదాకా అది ఎముకల విటమిన్ అనే అనుకున్నా. మన తెల్లరక్తకణాలకి కూడా అది కావాలి. సూక్ష్మజీవి ఎదురైనప్పుడు కొన్ని కణాలు రక్తంలో తిరిగే విటమిన్ డిని తమలోనే చురుకైన రూపంలోకి మార్చుకుని, కాథెలిసిడిన్ అనే ప్రోటీన్ తయారుచేస్తాయి. అది బ్యాక్టీరియా పొరల్ని చీలుస్తుంది, కొన్ని వైరస్‌ల పైపొరనీ దెబ్బతీస్తుంది. ఇదే విటమిన్ ఇంకోపక్క వాపు హద్దు దాటకుండా చూస్తుంది.

ఇది విన్నాక నాకు తొందరెక్కువైంది, పెద్ద డోసు ఒకేసారి ఇచ్చేయండి అన్నా. ఆయన ఒప్పుకోలేదు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో విటమిన్ డి మాత్రలు మనుషులకిచ్చి పరీక్షించిన 25 ట్రయల్స్‌ని కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. రోజూ లేదా వారంవారం వేసుకున్నవాళ్లకి శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు కొంత తగ్గాయి, బాగా లోపం ఉన్నవాళ్లకే లాభం ఎక్కువ, ఒక్కసారే భారీ డోసులు ఇచ్చినచోట ఆ లాభం కనిపించలేదు. తర్వాత ఇంకా ఎక్కువ ట్రయల్స్ కలిపి చూస్తే మొత్తమ్మీద ప్రయోజనం చాలా తక్కువని, కచ్చితంగా ఉందని చెప్పలేనంత తక్కువని తేలింది. అందుకే లోపం లేనివాళ్లు జలుబుకి భయపడి దీన్ని మింగుతుంటే నాకు బాధగా ఉంటుంది. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, కిడ్నీలకి ముప్పు.

నాకు వారానికో మాత్ర, ఎనిమిది వారాలు, భోజనం తర్వాత, ఎందుకంటే అది కొవ్వుతో కలిస్తేనే బాగా ఒంటికి పడుతుంది. ఆ తర్వాత రోజూ చిన్న డోసు. ఆరో వారానికి కాళ్ల నొప్పి పోయింది. నాలుగు నెలలకి టెస్టులో 34.

ఆ తర్వాత ఏడాదిలో ఒక్కసారే జలుబు చేసింది, ఐదు రోజుల్లో తగ్గింది. అది విటమిన్ వల్లేనని ఒట్టేసి చెప్పలేను, ఈలోగా నిద్ర కూడా సరిచేసుకున్నాను. కాళ్ల విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు.

నిన్న అమ్మ కాళ్లు లాగుతున్నాయంటే, మోకాలి కింద ఎముక నొక్కి చూశాను. "అబ్బా, వదలవే" అని నా చెయ్యి తోసేసింది. రేపు టెస్టుకి తీసుకెళ్తున్నాను.