హిస్టరీ ఆప్షనల్ పేపర్-2: అమెరికా-ఐరోపా దౌత్యం ఎలా చదవాలి

సివిల్స్ మెయిన్స్‌కి హిస్టరీ ఆప్షనల్ తీసుకున్న చాలామంది పేపర్-2 సెక్షన్-బి (ప్రపంచ చరిత్ర)లో ఈ అంశాన్ని కోల్డ్‌వార్ నోట్సులో ఒక పేరాతో సరిపెట్టేస్తారు. సోవియట్ భయంతో అందరూ ఒక్కటయ్యారని రాసి వదిలేస్తే జవాబులో విశ్లేషణ ఉండదు. ఈ మిత్రదేశాలు ఒకరి మెడ ఒకరు ఎక్కడ వంచారో, దేనితో వంచారో వెతకండి. చాలాసార్లు దొరికేది డబ్బే.

1940 సెప్టెంబరులో అమెరికా బ్రిటన్‌కి 50 పాత డిస్ట్రాయర్లు (యుద్ధనౌకలు) ఊరికే ఇవ్వలేదు. బదులుగా కరీబియన్‌లో స్థావరాలకు 99 ఏళ్ల లీజు రాయించుకుంది. 1946 నాటి 375 కోట్ల డాలర్ల అప్పుకు వడ్డీ 2 శాతమే, కానీ పౌండును డాలర్లలోకి స్వేచ్ఛగా మార్చుకోనివ్వాలన్న షరతు పెట్టింది. 1947 జులై 15న ఆ షరతు అమలైంది. డాలర్లు ఎంత వేగంగా కరిగిపోయాయంటే ఆగస్టు 20కే బ్రిటన్ దాన్ని ఆపేయాల్సి వచ్చింది. మార్షల్ ప్లాన్ (యుద్ధం తర్వాత ఐరోపాకు అమెరికా ఇచ్చిన ఆర్థిక సాయం) ఎందుకు అవసరమైందో ఈ అయిదు వారాలు చదివితే తేలిగ్గా అర్థమవుతుంది.

సూయజ్ సంక్షోభం (1956లో కాలువను జాతీయం చేసిన ఈజిప్టుపై బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ దాడి) మీద మాత్రం రెండు రోజులు పూర్తిగా పెట్టండి. అమెరికా విదేశాంగ శాఖ ప్రచురించే ‘ఫారిన్ రిలేషన్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్’ పత్రాలు ఆన్‌లైన్‌లో ఉచితం. 1955-57 వరుసలో 16వ సంపుటం మొత్తం సూయజే. అంతా చదవనక్కర్లేదు. అక్టోబరు 30, నవంబరు 6, నవంబరు చివర, ఈ మూడు చోట్ల ఒక్కో పత్రం చాలు. ఎవరు ఎవరికి రాశారు, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది ముందు రాసుకోండి. నవంబరులో లండన్ గడియారం వాషింగ్టన్ కన్నా 5 గంటలు ముందుంటుంది. అది మరిచిపోతే ఏ కబురుకు ఏది జవాబో తారుమారవుతుంది.

ఆ సంపుటంతోనే ఆగిపోవద్దు. అక్టోబరు 24న పారిస్ దగ్గరి సెవ్‌ర్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ రహస్యంగా సంతకాలు చేసిన దాడి ఒప్పందాన్ని అమెరికాకు చెప్పలేదు. బ్రిటన్ ప్రధాని ఈడెన్ తమ ప్రతిని నాశనం చేయించాడు, ఇజ్రాయెల్ దగ్గరున్న ప్రతి మిగిలింది. ఒక్క రాజధాని కాగితాలతో చరిత్ర రాస్తే ఏం తప్పిపోతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. పౌండు పడిపోతుంటే, బ్రిటన్ ఈజిప్టు నుంచి సైన్యాన్ని వెనక్కి తీసుకుంటేగానీ ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) సాయానికి ఒప్పుకోనని అమెరికా పట్టుబట్టిందన్న వాక్యం మీ జవాబులో తప్పక ఉండాలి.

20 మార్కుల ప్రశ్నకు దక్కేది 14 నిమిషాలు. అందులో రెండు ఘట్టాలకు మించి ఇమడవు. 1956 పక్కన 1966 పెట్టండి. ఆ ఏడు ఫ్రాన్స్ బయటికొచ్చింది నాటో (అమెరికా-ఐరోపా సైనిక కూటమి) ఉమ్మడి సైనిక కమాండ్ నుంచే, నాటో నుంచి కాదు. ఇక్కడ పొరబడేవాళ్లు ఏటా ఉంటారు. అట్లాంటిక్ చార్టర్ కూడా ఒప్పందం కాదు, రూజ్వెల్ట్, చర్చిల్‌ల ఉమ్మడి ప్రకటన. 1941 ఆగస్టులో అది వచ్చేనాటికి అమెరికా ఇంకా యుద్ధంలోకే దిగలేదు. అందులోని మూడో అంశం (తమ ప్రభుత్వాన్ని ఎంచుకునే హక్కు ప్రజలదేనన్నది) భారత్‌కు వర్తించదని చర్చిల్ సెప్టెంబరులో పార్లమెంటులో చెప్పాడు కాబట్టి, సెక్షన్-ఎలో క్విట్ ఇండియా నేపథ్యం రాసేటప్పుడూ ఈ నోట్సు తీయండి.