నల్ల మిరియాల ఉత్తరం

నిన్న రాత్రంతా మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్ళిన మన సిపాయిల ఉత్తరాలు చదువుతూ కూర్చున్నాను. 1914 సెప్టెంబరులో మార్సెయ్ రేవులో దిగినవాళ్ళు. చాలామందికి చదువు రాదు, పక్కవాళ్ళతో రాయించుకునేవారు. ఇంటి దగ్గరా ఎవరో ఒకరు చదివి వినిపించాలి. భార్యకి చెప్పుకోవాల్సిన మాట ఇన్ని నోళ్ళు దాటాలి, మధ్యలో సెన్సార్ ఒకటి!

అందుకే నల్ల మిరియాలు అయిపోతున్నాయని రాశారు. అంటే మనవాళ్ళు చనిపోతున్నారని. అది చదివాక పేజీ తిప్పలేకపోయాను.

ఇవి కూడా చాలావరకు అసలు ఉత్తరాలు కావు. సెన్సార్ వాళ్ళు ఇంగ్లీషులోకి మార్చి దాచుకున్న ముక్కలు, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ మిరియాల కబురు ఇంటికి చేరిందో లేదో, పొద్దున్నుంచీ అదే ఆలోచన.